ఆరున్నర

ఆ ఏడాది నేను కొన్నది దుకాణంలోకెల్లా పెద్ద తూటా.
చూపుడువేలంత పొడుగు, కొత్త ఇత్తడి మెరుపు.
"దేన్ని కొడతావు దీంతో?" అంది హిల్కా,
కళ్లజోడు ముక్కు కొసకి జార్చి.
"హిర్విని."
మా కైనూ అడవుల్లో మూస్ దుప్పికి ఆ పేరు.
"హిర్వినా, దాని వెనకున్న కొండనా?"
నవ్వేసి డబ్బులిచ్చాను.

కైనూలో చెప్పుకోదగ్గ కొండల్లేవు.
చిత్తడి నేల, బిర్చి చెట్లు,
వంద అడుగులు వెళ్లేసరికి కొమ్మల్లో చిక్కుకుపోయే చూపు.
మైదానాల కోసం పుట్టిన తూటా అది,
మా పొదల్లో దానికేం పని?
అది తెలియడానికి నాకొక అక్టోబరు పట్టింది.

ముందు ఇసుక గుంటలో ఎనిమిది కాల్చాను.
మొదటిది భుజాన్ని తన్నింది.
రెండోదానికి పళ్లు కదిలాయి.
మూడోదానికి భుజం నేర్చేసుకుంది:
వేలు బిగుసుకునే లోపలే
రెప్ప వాలిపోయేది.
కాగితం మీద చిల్లులు, కోళ్లకి విసిరిన గింజల్లా.
గాలి అన్నాను.
స్కోపు వదులైందన్నాను.
ఇంట్లో చొక్కా విప్పితే భుజం మీద వంకాయ రంగు,
కైసా చూసి, ఏమీ అనకుండా, వెన్న పూసిన రొట్టె నా ముందుకి జరిపింది.

పానూ మొరుగుతోంది. ఒకేచోట నిలబడి, గుక్క తిప్పుకోకుండా.
ఆస్పెన్ చెట్ల మధ్య అది,
గడ్డం కింద మంచు వేలాడుతూ, కుక్కని విసుగ్గా చూస్తూ.
ఎనభై అడుగులు.
గుమ్మంలోంచి గేటు దాకా ఉంటుందంత దూరం.
ముందుకాలి వెనక, కింది మూడో వంతు. చిన్నప్పటి నుంచీ తెలిసిన చోటు.
ఊపిరి వదిలాను.
రెప్ప వాలింది.

డబ్బా మీద అచ్చేసిన నాలుగంకెల బలమంతా
పొట్టలో నమిలిన విల్లో రెమ్మల్ని చీల్చుకుంటూ పోయి
అవతల నాచులో దిగబడింది.

తౌనో వంగి ఆకు మీది తడిని వేళ్ల మధ్య నలిపాడు.
ఎరుపు తక్కువ, పచ్చ ఎక్కువ.
వాసన చూశాడు.
"కూర్చుందాం" అన్నాడు, ఫ్లాస్కు మూత తిప్పుతూ.
ఇప్పుడు తరిమితే అది ఆగకుండా పోతుంది, పడుకోనివ్వాలి.
మూడు గంటలు కూర్చున్నాం.
ఆ కాఫీ రుచి ఇప్పటికీ నాలుక వెనక ఉంది.
చీకటి పడ్డాక, టార్చి వెలుగులో, కుక్క తాడు పట్టుకుని,
మోకాళ్ల లోతు నీళ్లలో
నా తప్పు ఎక్కడెక్కడ ఆగిందో, ఎక్కడ మోకరిల్లిందో
ఒక్కో చోటూ చూసుకుంటూ నడిచాను.

అర్ధరాత్రి దాటాక దొరికింది, బతికే ఉంది.
తౌనో పాత రైఫిల్ ఒక్కసారి దగ్గింది.

పన్నెండు ఇళ్ల వాటా. సగం పనికిరాకుండా పోయింది.
కొట్టంలో కత్తులు కడుగుతుంటే నీళ్ల చప్పుడు తప్ప
ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

జనవరిలో హిల్కా దగ్గరికి వెళ్లాను.
"వెనక్కి కొంటావా?"
గోడ వైపు గడ్డం ఎత్తి చూపింది.
అలాంటివే ఆరు, వరసగా,
ఒక్కోటీ ఒక్క సీజన్ వయసుది.
కింది అరలోంచి చిన్న డబ్బా తీసింది.
ఆరున్నర మిల్లీమీటర్లు. తాతల కాలం కొలత.
సన్నగా, పొడుగ్గా, బరువైన గుండు,
లోపలికెళ్లి పుట్టగొడుగులా విచ్చుకుని దారి తప్పకుండా పోతుందట.
చేతిలోకి తీసుకుంటే పిల్లల పెన్సిలు ముక్కలా ఉంది.
"ఇంత పెద్ద జంతువుకి ఇది చాలుతుందా?"
"నువ్వు కళ్లు తెరిచి ఉంచితే చాలుతుంది.
మూసుకుంటే ఫిరంగి కూడా చాలదు.
దూరమైతే వదిలెయ్యి. అడ్డంగా నిలబడకపోతే వదిలెయ్యి.
వదిలెయ్యడానికి తూటా ఖర్చు లేదు."
చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పోసింది.

వేసవంతా ఇసుక గుంటలోనే, దోమల మధ్య, ఒక్కొక్కటిగా.
చిల్లులు దగ్గరికొచ్చాయి,
ఆగస్టుకి ఒక కాఫీ కప్పు కింద దాగేటంత.

పెద్దవి పదకొండు మిగిలాయి, ఇనప పెట్టెలో, తాళం వేసి.
వచ్చే శనివారం తౌనో నన్ను మళ్లీ ఆ ఆస్పెన్ల దగ్గరే నిలబెడతానన్నాడు.
ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

భుజం మీది మరక ఎప్పుడో పోయింది.
రెప్ప సంగతి ఇంకా తెలీదు.